పరగృహవాసము: అతిథియా, అంతేవాసియా?

(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



నేను ముప్పది మూడు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. సముద్రము దాటినవాడను గాను. అట్టి నన్ను విదేశగృహవాసమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు కోరుటకు కారణము కలదు. మన విద్యానిధి ఉపసంఘము నెదుట ఇప్పుడొక విన్నపము నిలిచియున్నది. పదునెనిమిదేండ్లు నిండిన మన బాలుడొకడు ఇంటర్మీడియెటు పరీక్ష ముగించి, కళాశాలలో చేరకముందు ఒక సంవత్సరము జర్మనీ దేశమున ఒక గృహస్థు నింట నుండి ఆ భాషను నేర్చి రాదలచితిననియు, ప్రయాణవ్యయమునకు నిధినుండి సాయము కావలెననియు వ్రాసికొన్నాడు. “ఇది చదువు కాదు గాన నిధి నియమములలో దీనికి చోటు లేదు” అని కొందరు పెద్దలు చెప్పిరి. “మన పిల్లవాడు పరుల యింట పిల్లల నాడించి అంట్లు కడుగుటకు మనము డబ్బీయవలెనా?” అని మరికొందరు అడిగిరి. ఈ రెండవ ప్రశ్న కోపముతో అడిగినదే యైనను మంచి ప్రశ్న. దానికి సమాధానము చెప్పకుండ ఆ బాలుని విన్నపమును అంగీకరించుట గాని త్రోసిపుచ్చుట గాని న్యాయము కాదు.

నాయొద్ద సంస్కృతము చదివిన బాలిక యొకతె 2023 ఆగస్టు మాసమున ఇట్లే వెళ్లి, మరుసటి సంవత్సరము ఆగస్టులో తిరిగివచ్చినది. వెళ్లకముందు ఆమె తల్లిదండ్రులు నా సలహా అడిగిరి. వెళ్లిన పిదప ఆమె వారమునకొక దీర్ఘలేఖ నాకు పంపుచుండెను. కంప్యూటరులో వచ్చిన ఆ లేఖలను అచ్చు తీయించి దాచియుంచితిని. ఆమె యనుమతితోనే వానిలోని సంగతులు మీకు విన్నవించుచున్నాను. ఆమె పేరును, ఆ కుటుంబమువారి పేరును సభలో చెప్పను.

పాశ్చాత్యదేశములలో పాఠశాల చదువునకును పై చదువునకును నడుమ ఒక యేడు విడిచి, దానిని దేశాంతరమున గడపు ఆచారము కలదు. గ్యాప్ ఇయర్ అందురు; నేను విరామవత్సర మనెదను. హోటళ్లలో దిగుచు ఊరూరు తిరిగివచ్చుట అందొక విధము. దానిని గూర్చి నాకు చెప్పవలసినదేమియు లేదు. ఒక కుటుంబమున చేరి, వారు తినునది తిని, వారి వేళలకు లేచి పరుండి, ఆ యింటి మనిషిగా సంవత్సరము గడపుట రెండవ విధము. అమెరికాలో డొనాల్డు వాట్ అను నతడు 1932లో స్థాపించిన సంస్థ యువకులను పరదేశీయుల యిండ్లలో నుంచు పద్ధతిని వ్యాపింపజేసెను. 1914లో, మొదటి ప్రపంచయుద్ధమున, గాయపడిన సైనికులను మోయు బండ్లను నడుపుటకు పుట్టిన అమెరికన్ ఫీల్డ్ సర్వీసు, రెండవ యుద్ధము ముగిసిన పిమ్మట 1947 నుండి ఒక దేశపు విద్యార్థులను మరియొక దేశపు గృహస్థుల యిండ్లలో నిలుపు పనిని చేపట్టెను. క్షతగాత్రులను మోసి మోసి విసిగినవారికి, శత్రువు బిడ్డను ఇంట నుంచుకొన్నవాడు మరల తుపాకి పట్టుటకు వెనుదీయునని తోచినదేమో! రోటరీ సంఘములవారును యువకులను ఇట్లే మార్చుకొందురు. వారి పద్ధతిలో సంవత్సరమునం దొక్క యిల్లు గాక, సాధారణముగ రెండు మూడు ఇండ్లు మారవలసియుండును.

మన బాలిక వెళ్లినది ‘ఓ పేర్’ అను పద్ధతిని. ఇది ఫ్రెంచి మాట. సమానముగా అని యర్థము. ఇంటివారి పిల్లలను కొంతసేపు చూచుకొని, తేలికపాటి యింటిపనిలో చేయి కలిపి, అందులకు వసతి, భోజనము, చేతిఖర్చు పొందుచు భాష నేర్చుకొనుట ఇందలి యేర్పాటు. 1969లో స్ట్రాస్‌బర్గు నగరమున ఐరోపా దేశములవారు దీనిని గూర్చి యొక యొడంబడిక వ్రాసికొని, ఇట్లు వచ్చినవారు విద్యార్థులును కారు, పనివారును కారు, రెండు లక్షణములును గల ప్రత్యేకవర్గమని నిర్ణయించిరి. ఆ బాలిక వెళ్లునాటికి జర్మనీలో నున్న నియమము లివి: వయస్సు పదునెనిమిది నిండి ఇరువదియేడు నిండకుండవలెను, మొదటి మెట్టు జర్మను పరీక్ష నెగ్గియుండవలెను, ప్రత్యేకముగ నొక గది యీయవలెను, పని దినమునకు ఆరు గంటలు, వారమునకు ముప్పది గంటలు మించరాదు, వారమునకు ఒకటిన్నర దినము సెలవు, నెలకు 280 యూరోలు చేతిఖర్చు, భాషా తరగతికి మరి 70 యూరోలు, రోగము వచ్చినను ప్రమాదము జరిగినను పనికివచ్చు బీమా ఇంటివారే కట్టవలెను. ఏడాది మించి యుండుటకు వీలులేదు, మరియొకమారు వెళ్లుటకును వీలులేదు.

ఇంతవరకు చట్టము చెప్పును. ఆ యింటిలో ఎట్లుండవలెనో అది చెప్పదు. దానికి నేను మన మాటలనే ఆశ్రయింపవలసివచ్చినది.

అతిథి యన నెవడు? తిథి నియమము లేక వచ్చువాడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. మనుస్మృతి ఒక్క రాత్రి నిలుచువానినే అతిథి యనును. ఒక రాత్రి యుండువానికి పీటవేసి, కాళ్లకు నీళ్లిచ్చి, వాడేమి చేసినను సహింపవచ్చును. మూడువందల అరువదియైదు రాత్రు లుండువాడు అతిథి యెట్లగును? అతిథిని దేవునిగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తులో నున్నదని మనవారు సభలలో తరచుగా చెప్పుదురు. ఆ మాట అచ్చట ఎవరికి చెప్పబడినది? చదువు ముగించిన అంతేవాసికి గురువు చెప్పినది. అది పెట్టువానికి చేసిన బోధ. వచ్చినవాడు తాను దేవుడనని గోడకు చేరగిలబడి కూర్చుండుటకు చెప్పినది కాదు.

అంతేవాసి యను మాట చూడుడు. అంతే, అనగా దగ్గర, వసించువాడు. అలుక్సమాసము, నడుమ విభక్తి చెడకుండ నిలిచియున్నది. గురువునింట చేరినవాడు గోవులను తోలుకొని పోయెను, సమిధలు తెచ్చెను, నీళ్లు మోసెను. వానిని దాసుడని ఎవరును అనలేదు. వాడు కొడుకును కాడు, కూలివాడును కాడు. స్ట్రాస్‌బర్గు నగరమున 1969లో కూర్చుండి వారు వెదకికొన్న ప్రత్యేకవర్గమునకు మనయొద్ద పేరు మాత్రము పూర్వమునుండి యున్నది.

అంతదూర మేల? మన జిల్లాలలో వారములు చేసికొని చదివినవారి సంతానము ఈ పందిటిలోనే యున్నది. మా తండ్రిగారు రాజమహేంద్రవరమున ఏడిండ్లలో ఏడు దినములు భోజనము చేసి చదువుకొన్నవారు. సోమవారపు టింటిలో పిల్లలకు లెక్కలు చెప్పెడివారు, గురువారపు టింటిలో బావినుండి నీళ్లు తోడెడివారు, శనివారపు టింటి ముసలమ్మకు పురాణము చదివి వినిపించెడివారు. ఏ యింట ఉప్పు తక్కువ, ఏ యింట మాట ఎక్కువ, ఏ యింట రెండవమారు అడుగవచ్చును అను ఎరుక తనకు వ్యాకరణముకంటె కష్టముగా వచ్చినదని ఆయన చెప్పుచుండెడివారు. ఆయనను పనివాడని తలచిన యిల్లొకటి యుండెనట. ఆ వారమును మానుకొని ఆ దినమున అటుకులు తిని గడపిరట గాని మరల ఆ గడప తొక్కలేదు. కావున, పరుల యింట పని చేయుట మనకు క్రొత్తయు కాదు, అవమానమును కాదు. ఏ పని, ఎంతసేపు, ఏ మాటతో అనునదే విచారణీయము.

విరామవత్సరమను పేరు లేకున్నను దానిని గడపిన మహనీయు లున్నారు. రవీంద్రనాథఠాకూరుగారు 1878లో, పదునేడేండ్ల ప్రాయమున, ఇంగ్లాండునకు పోయి 1880లో ఏ పట్టమును లేకుండ తిరిగివచ్చిరి. లండనులో డాక్టరు స్కాటను వైద్యుని యింట నుండిరి. భారతీయుడొకడు తమ యింట దిగుచున్నాడని విని ఆ వైద్యుని చిన్న కుమార్తె లిద్దరు భయపడి బంధువుల యింటికి పోయిరట! ఇతనివలన అపాయము లేదని తెలిసిన పిమ్మట మరలివచ్చిరట. కొలది కాలముననే ఆయన ఆ యింటివారిలో నొకడయ్యెను. ఇల్లాలు కన్నబిడ్డవలె చూచుకొనెను. ఆయన స్వదేశమునకు బయలుదేరునపుడు రెండు చేతులు పట్టుకొని యేడ్చెను. వంగదేశపు గృహిణి కేమాత్రము తీసిపోని పతిభక్తిని ఆ యింటిలో చూచితినని ఆయన జీవనస్మృతిలో వ్రాసిరి. చదువు లేక తిరిగివచ్చిన ఆ సంవత్సరము వ్యర్థమైనదని ఎవరు చెప్పగలరు?

1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండను చేరిన గాంధిగారికి ప్రాణజీవన మెహతాగారు మొదటనే చేసిన యుపదేశము, హోటలు విడిచి ఒక కుటుంబముతో నుండుమని. పుస్తకములకంటె ఆ దేశపు జీవనము నెరుగుటయే ముఖ్యమని. అట్లే కొంతకాలమునకు వెస్ట్ కెన్సింగ్టనులో నొక వితంతువు నింట చేరిరి. మాంసము లేని భోజన మేమి పెట్టవలెనో ఆ యిల్లాలికి తోచలేదు. ఆమె కుమార్తె లిద్దరు జాలిపడి మరి యొకటి రెండు రొట్టెముక్కలు పెట్టెడివారు. ఆయన ఆకలికి నిండు రొట్టె కావలసియుండెను. సిగ్గుచేత అడుగలేకపోయిరి. ఆ యింటివారిది లోభము కాదు. అడుగనివాని కడుపు కొలత ఎవరికి తెలియును? పిదప మైళ్లకొలది నడచి వెదకి, ఫారింగ్డన్ వీధిలో శాకాహార భోజనశాలను కనుగొని కడుపునిండ తినిరి. అడుగనిదే అమ్మయైనను పెట్టదను మన సామెత అక్షరాల పనిచేసిన చోటది.

ఇక మన బాలిక కథ. జర్మనీ దేశపు నైరుతిమూల ఫ్రైబుర్గు అను నగరము కలదు. దాని సమీపమున ఒక గ్రామము. ఇంటి యజమాని వడ్రంగపు కార్ఖానా నడుపును. భార్య ఆసుపత్రిలో నర్సు. ఎనిమిదేండ్ల బాలుడు, అయిదేండ్ల బాలిక. ప్రక్కయింటిలో యజమాని తల్లి.

మొదటి చిక్కు భోజనమువద్దనే వచ్చినది. మధ్యాహ్నమే వారికి వేడి భోజనము. రాత్రి రొట్టె, వెన్న, జున్ను, చల్లని మాంసపు ముక్కలు, దోసకాయ. సాయంకాల భోజనమునకు వారు పెట్టిన పేరే ‘సాయంకాలపు రొట్టె’. గోమాంసము, పందిమాంసము తాను ముట్టనని మొదటి లేఖలోనే వ్రాసియుండుటచేత ఆ విషయమున చిక్కు రాలేదు. చిక్కు మర్యాదలో వచ్చినది. మన యింట పెట్టువారు “ఇంకను వేయనా?” అని యడిగిన వెంటనే “వేయుడు” అనువానిని తిండిపోతనెదరు. మొదటిమారు వలదనవలెను, రెండవమారు చేయి అడ్డము పెట్టవలెను, మూడవమారు వడ్డించినది తినవలెను. ఆ దేశమున వలదన్నచో వలదనియే యర్థము. పైగా వారు “ఇంకను కావలెనా?” అని యడిగినపుడు ఈమె మర్యాదకై “డాంకె” అనుచుండెను. ఆ మాటకు కృతజ్ఞత యనియే నిఘంటువు చెప్పును. భోజనపు బల్లవద్ద దానికి ‘చాలును’ అని యర్థము. కావలసినవాడు “బిట్టె” అనవలెను. ఈమె కృతజ్ఞత చెప్పిన కొలది వారు గిన్నెను ప్రక్కకు జరుపుచుండిరి! పండ్రెండు దినములు ఆకలితో పరుండి, పదమూడవ దినమున భాషా తరగతిలో పంతులమ్మ చెప్పగా ఈ రహస్యము తెలిసినది.

ఇందుకు తలక్రిందైన కథ యొకటి గలదు. కేంబ్రిడ్జిలో గణితశాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ తన గదిలో స్వయముగా వండి మిత్రుని, అతనికి కాబోవు భార్యను భోజనమునకు పిలిచెను. వారు చారు రెండవమారును పోయించుకొని మూడవమారు వలదనగా, తన వంటను అవమానించిరని తలచి, చెప్పకుండ ఊరు విడిచి ఆక్స్‌ఫర్డునకు పోయి కొన్ని దినములకు గాని తిరిగిరాలేదు. ఒక దేశపు నిఘంటువుతో మరియొక దేశపు మాటను చదివినచో అంత బుద్ధిశాలియు ఇట్లే యగును.

రామానుజన్ సంగతి వచ్చినది గాన మరియొకటి చెప్పెదను. 1914లో ఇంగ్లాండు చేరిన క్రొత్తలో ఆయన నెవిలు అను ఆచార్యుని కుటుంబముతో కొన్ని వారములుండి, పిదప కళాశాల గదులకు మారెను. అచ్చట చలికాలమున రాత్రులు గడగడ వణకుచు, పైకోటు తొడిగి శాలువ కప్పుకొని పరుండుచుండెను. మహలనోబిసుగారు చూడబోగా, మంచముపై కంబళ్లు దండిగనే యున్నవి. అంచులు పరుపు క్రింద బిగించి దోపియుండుటచేత వానిని తీసి లోపల దూరవలెనని ఆయనకు తెలియలేదు. దుప్పటిమీదనే పరుండుచుండెను. అడిగినచో సిగ్గు, అడుగకున్న చలి. గృహస్థు నింట నున్నవానికి మొదటి రాత్రియే ఆ యిల్లాలు వచ్చి “ఇట్లు కప్పుకొనవలెను నాయనా” అని చూపియుండును. ఒంటరిగ గదిలో నున్నవానికి ఎవరు చూపుదురు? గృహవాసమునకును వసతిగృహవాసమునకును గల భేదము ఈ కంబళియందే యున్నది.

మన బాలికకు అట్లు చూపిన యామె ప్రక్కయింటి ముసలమ్మ. జర్మనులకును మనకువలె నీవు, మీరు అను భేదము కలదు. ‘డూ’ యనునది నీవు, ‘జీ’ యనునది మీరు. ఇంటివారు మొదటి దినముననే తమను పేరుపెట్టి, నీవని పిలువుమనిరి. తల్లి యీడు స్త్రీని పేరుపెట్టి పిలుచుటకు ఈమెకు నోరు రాక, ఒక నెల వరకు ఎవరినియు ఏమనియు పిలువకనే ఎదురుగ పోయి నిలిచి మాటలాడెను. ముసలమ్మను మాత్రము పిల్లలవలెనే ‘ఓమా’ యని పిలిచెను. వారి భాషలో అవ్వ యని యర్థము. వావి గల మాట దొరకగనే నాలుక కదలినది. చలికాలమున గూడ రోజునకు రెండుమూడు మారులు కిటికీలన్నియు బార్లా తెరచి అయిదు నిమిషములు చలిగాలిని లోనికి రానిచ్చుట యెందులకో ఓమాయే చెప్పినది: గాలి చొరని గోడల యిల్లు, లోపలి చెమ్మ బయటికి పోనిచో గోడలకు బూజు పట్టును. కాగితములు, కూరగాయల తుక్కు, ప్లాస్టికు వేర్వేరు తొట్లలో వేయుటయు, ఆదివారము అంగళ్లు మూసియుండును గాన శనివారమే సరకులు తెచ్చుకొనుటయు, రాత్రి పది దాటిన పిదప పొరుగువారికి వినబడునట్లు సందడి చేయరాదనుటయు ఆమె నేర్పినవే. పుట్టినదినపు శుభాకాంక్షలు ముందునాడే చెప్పుట వారికి అశుభమట. ఈమె ముందునాటి రాత్రియే యింటి యిల్లాలికి చెప్పి, ఆమె ముఖము వాడుట చూచి బిత్తరపోయినది. శకునములు మనకే యున్నవనుకొనుట పొరపాటు.

మన చేయి వారికి చూపిన సమయమును కలదు. ఒక దినము పప్పునకు తాలింపు పెట్టగా ఎండుమిరపకాయల ఘాటునకు కప్పున బిగించిన పొగ కనిపెట్టు యంత్రము ఇల్లదరునట్లు కూసెను. యజమాని కార్ఖానానుండి పరుగెత్తుకొని వచ్చెను. నాటినుండి తాలింపు నాడు పిల్లలిద్దరు ఉత్సాహముతో కిటికీలు తెరచుట కేర్పాటయ్యెను.

వ్యాకరణమును గూర్చి ఒక్కమాట. జర్మనుభాషకు నాలుగు విభక్తులు, మూడు లింగములు. మాకు ఎనిమిది విభక్తులు వచ్చును గాన నాలుగింటికి భయపడలేదని ఈమె వ్రాసినది. కాని ఆ భాషలో ‘బాలిక’ యను శబ్దము నపుంసకలింగమట. ఇదెక్కడి యన్యాయమని నన్నడిగినది. భార్యను చెప్పు ‘కలత్ర’ శబ్దము మనకు నపుంసకము, ‘దార’ శబ్దము పుంలింగబహువచనము గదా, వారిని నిందింపకు మని బదులు వ్రాసితిని.

నవంబరునాటికి లేఖలు చిన్నవైనవి. పగళ్లు కురుచనయినవి, డిసెంబరులో సాయంత్రము అయిదు గాకముందే ప్రొద్దు క్రుంకును. మొదటి రెండుమాసముల క్రొత్తదనము తీరి, భాష ఇంకను రాక, బెంగ పట్టుకొనునది ఈ కాలముననే. ఇందొక భాగము దోషము మన తల్లులదని చెప్పిన నన్ను క్షమింపుడు. ఠాకూరుగారి నాటికి ఇంటినుండి ఉత్తరము వచ్చుటకు వారములు పట్టెడిది. ఈ తల్లి దినమునకు రెండు గంటలు సెల్‌ఫోనులో మాటలాడుచుండెను. కంచమును చూపుము, గదిని చూపుము, ముఖ మేల చిన్నబోయినదనుచుండెను. పిల్ల దేహము ఫ్రైబుర్గులోను, ప్రాణము గుంటూరులోను ఉండెను. ఎదుట కూర్చున్నవారితో మాటలాడక చేతిలోని పలకతో మాటలాడు మనిషిని ఏ యింటివారు తమదిగా చేసికొందురు? నేను ఆ తల్లికి చెప్పి వారమునకు రెండుమారులని నియమము పెట్టించితిని. ఆమె నాతో నెలదినములు మాటలాడలేదు. నియమము మాత్రము నిలిచినది.

ఆ సంవత్సరము నవంబరు 11న, సంత మార్టిను దినమున, ఆ యూరి పిల్లలు కాగితపు దీపములు చేతబట్టి పాడుచు వీధులు తిరిగిరి. ఈమెయు తన చిన్నదాని చేయి పట్టుకొని వెంట నడచినది. మరునాడు, 12వ తేదీన, దీపావళి. గుమ్మమున దీపములు పెట్టుకొనవచ్చునా యని ఇంటివారి నడిగినది. ఓమా పెట్టెడు చిన్న క్రొవ్వువత్తులు తెచ్చి యిచ్చినది. పిల్లలు ముందునాటి తమ కాగితపు దీపములను గూడ ఆ వరుసలో నిలిపిరి. ఆ లేఖ నాలుగు పుటలున్నది.

ఇక ముఖ్యమైన సంగతి. ఊరక కూర్చుండుట ఈమెకు సిగ్గు. ఎవరును చెప్పకయే గిన్నెలన్నియు కడిగినది, ఇస్తిరీ చేసినది, ఇల్లు తుడిచినది. ఇంటివారు మొదట వలదనిరి, పిదప మెచ్చుకొనిరి, ఆ పిదప అలవాటుపడిరి. డిసెంబరులో నర్సుకు రాత్రి పనులు ఎక్కువగుటచేత పిల్లల నిద్రయు ఈమెపైననే పడినది. ముప్పది గంటలు నలుబది దాటినవి. లోలోపల ఉడికిపోవుచు పైకి నవ్వుచుండెను. పెద్దవారి కెదురు చెప్పరాదని మనము నేర్పితిమి గదా! నాకు మాత్రము వ్రాసినది. ఫిర్యాదు వ్రాయవలదు, లెక్క వ్రాయుమని చెప్పితిని. రెండు వారములు ఏ దినము ఎన్ని గంటలు ఏ పని చేసినదో ఒక కాగితముమీద జర్మనులో వ్రాసి, ఆదివారము ఉదయము కాఫీ బల్లమీద పెట్టినది. చేతులు వణకినవట. ఇల్లాలు ఆ కాగితము రెండుమారులు చదివి, “ఇది నీవు చెప్పకున్న మాకెట్లు తెలియును? నీకు ఇష్టమై చేయుచున్నావనుకొంటిమి” అని కంట తడిపెట్టినదట. ఆ దినమే వారు గంటల పట్టిక యొకటి గీచి రిఫ్రిజిరేటరుకు అతికించిరి. అప్పటినుండి ఈమె ఆ యిల్లాలిని పేరుపెట్టి పిలువసాగినది. మనమైతే ఆ లెక్కను తలబిరుసనుకొనియుందుము. వారు దానిని నమ్మకమనుకొనిరి.

ఇల్లన్నియు ఇట్లుండవు. ఆ భాషా తరగతిలోనే మరియొక దేశపు బాలిక యుండెను. ఆమెకు ప్రత్యేకపు గది యీయక పసిబిడ్డ గదిలో పరుండబెట్టిరి. వారమునకు ఏబది గంటలు పని చేయించిరి. లెక్క చూపినచో ఇంటికి పొమ్మనిరి. ఒడంబడికలో నున్న గడువు ప్రకారము ముందుగా తెలిపి, మధ్యవర్తి సంస్థ సాయమున ఆమె వేరింటికి మారినది. కాని మారుటకు ముందు మూడు మాసములు సహించినది. ఏల? తిరిగి పోవుటకు చేతిలో విమానపు ఖర్చు లేదు. మా తండ్రిగారు ఆ గడప తొక్కకుండుటకు అటుకులుండెను. ఈమెకు అటుకులు లేవు.

ఇప్పుడు ఉపసంఘమువారికి నా విన్నపము. అంట్లు కడుగుటకు డబ్బీయవలెనా యని అడిగిన పెద్దలకు నా సమాధానము, ఇచ్చెడి డబ్బు అంట్లు కడుగుటకు కాదు, అవసరమైననాడు కడుగనని చెప్పి తిరిగివచ్చుటకు. పోవు ప్రయాణపు ఖర్చును కుటుంబము సమకూర్చుకొనవలెను. తిరుగు ప్రయాణపు సొమ్మును విద్యానిధి ప్రత్యేకముగ దాచియుంచి, ఆ బాలుడు కోరిన దినముననే, కారణ మడుగక, పంపవలెను. వాడు ఏడాది ముగించి వచ్చినచో ఆ సొమ్ము మరుసటి యేటి విద్యార్థికి నిలుచును. ఒడంబడికను నిధి కార్యదర్శియు, ఆ భాష తెలిసిన వారొకరును చదువకుండ ఎవరిని పంపరాదు. మొదటి మెట్టు పరీక్ష నెగ్గనివానిని అసలే పంపరాదు. నోరు రానివాడు లెక్క యెట్లు చూపును? ఆడపిల్లల విషయమున వేరు నియమము కొందరు కోరుచున్నారు. నేనంగీకరింపను. లెక్క వ్రాసి బల్లమీద పెట్టినది ఆడపిల్లయే.

ఏడాది పోవునని భయపడువారికి ఒక్కటి చెప్పెదను. ఈ బాలిక మూడవ మెట్టు జర్మను పరీక్ష నెగ్గి వచ్చి, తన తోడివారికంటె ఒక యేడు వెనుకగా విశాఖపట్టణమున కళాశాలలో చేరినది. ఆ యొక్క యేటి వెనుకబాటును గూర్చి ఆమె తండ్రి నాయొద్ద ఇంకను గొణుగుచునే యున్నాడు. నేను వాదింపను.

ఈ తీర్మానము మధ్యాహ్నము మూడు గంటలకు చర్చకు వచ్చును. బాలిక సెలవులకు వచ్చి ఈ సభలోనే మూడవ వరుసలో కూర్చున్నది. విన్నపము చేసికొన్న బాలుడును, అతని తల్లియు వచ్చియున్నారు. భోజనానంతరము పుస్తకశాల గదిలో వారును, సందేహము గలవారెవరైనను, నన్నుగాక ఆమెనే ప్రశ్నింపవచ్చును. రెండు వారముల గంటలు వ్రాసిన ఆ కాగితమును నా కోరికపై వెంట తెచ్చినది. జర్మనులో నున్నది, చదివి అర్థము చెప్పును.